ఇన్‌సైడా, ఔట్‌సైడా: బ్రిటన్ ప్రభుత్వ ప్రాజెక్టుల్లో కాంట్రాక్టర్ల పన్ను హోదా

ఐఆర్35 అంటే బ్రిటన్ పన్ను చట్టంలోని ఒక నిబంధనల కట్టకు వాడుకలో స్థిరపడిన పేరు. సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని, ఆ కంపెనీ తరఫున వేరే సంస్థకు పనిచేసే మనిషిని పన్ను లెక్కలో వ్యాపారిగా చూడాలా, ఉద్యోగిగా చూడాలా అన్నది ఈ నిబంధనలు తేలుస్తాయి. మధ్యలో ఆ కంపెనీ లేకపోతే అతను ఉద్యోగే అయ్యేవాడని తేలితే ఆ కాంట్రాక్టు 'ఇన్‌సైడ్'. కాదని తేలితే 'ఔట్‌సైడ్'. లండన్, రెడింగ్, మిల్టన్ కీన్స్ చుట్టుపక్కల ఉండే తెలుగు ఐటీ కాంట్రాక్టర్లు కొత్త పని గురించి మాట్లాడుకునేటప్పుడు డే రేట్ ఎంత అన్న ప్రశ్న వెనకే వచ్చేది ఇదే.

పని ప్రభుత్వ శాఖది. కాంట్రాక్టు కన్సల్టెన్సీ చేతిలో ఉంటుంది. పని చేసేది మూడో మనిషి. ఇలాంటి ఏర్పాటులో అది ఇన్‌సైడో ఔట్‌సైడో ఎవరు చెప్పాలి? పాతికేళ్లుగా ఈ చట్టం మీద నడిచిన గొడవ పన్ను రేటు గురించి కన్నా ఈ ప్రశ్న గురించే ఎక్కువ. తేల్చే బాధ్యత మొదట కాంట్రాక్టరుది, తరవాత ప్రభుత్వ సంస్థది, ఆపైన చాలా సందర్భాల్లో కన్సల్టెన్సీది అయింది. ఆ బాధ్యత చేతులు మారిన ప్రతిసారీ తప్పు జరిగితే డబ్బు కట్టాల్సినవాళ్లు కూడా మారారు.

పుట్టుక

1999 మార్చి 9న ఆర్థికమంత్రి గోర్డన్ బ్రౌన్ బడ్జెట్ ప్రవేశపెట్టిన రోజున, అప్పటి పన్నుల శాఖ ఇన్‌లాండ్ రెవెన్యూ కొన్ని పత్రికా ప్రకటనలు విడుదల చేసింది. వాటిలో 35వ నంబరు ప్రకటన ఈ చట్టానికి నాంది. అందుకే ఆ పేరు. శుక్రవారం ఉద్యోగానికి రాజీనామా చేసి, సోమవారం అదే కుర్చీలో సొంత కంపెనీ పేరుతో కూర్చునే పద్ధతిని అరికట్టడం దాని ఉద్దేశం. 2000 ఏప్రిల్ 6 నుంచి అది అమల్లోకి వచ్చింది. నిరసనగా కాంట్రాక్టర్లు ప్రొఫెషనల్ కాంట్రాక్టర్స్ గ్రూప్ అనే సంఘం పెట్టుకుని కోర్టుకెక్కారు. 2001లో హైకోర్టులోనూ, ఆ తరవాత అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. ఆ సంఘమే 2014 నుంచి ఐప్సీ అనే పేరుతో నడుస్తోంది.

తొలి చట్టంలో ఒక పెద్ద బలహీనత ఉంది. తాను ఇన్‌సైడో కాదో కాంట్రాక్టరే తేల్చుకోవాలి, తన కంపెనీయే పన్ను కట్టాలి. ఇన్‌సైడ్ అని ఒప్పుకుంటే తన చేతి డబ్బే పోతుంది. పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ అంచనా ప్రకారం ఈ నిబంధన వర్తించే కంపెనీల్లో దాన్ని పాటించినవి పదింట ఒక్కటే.

తేడా ఎంత?

2025–26 రేట్లతో ఒక లెక్క వేసి చూడవచ్చు. రోజుకు 500 పౌండ్ల చొప్పున ఏడాదికి 220 రోజులు పనిచేస్తే లక్షా 10 వేల పౌండ్లు. ఔట్‌సైడ్ అయితే ఆ సొమ్మంతా కాంట్రాక్టరు కంపెనీకి వస్తుంది. పన్ను పడని పరిమితి 12,570 పౌండ్ల మేరకు అతను జీతంగా తీసుకుంటాడు. మిగిలిన లాభం మీద కంపెనీ కార్పొరేషన్ ట్యాక్స్ కడుతుంది, అది పోగా ఉన్నది డివిడెండ్‌గా ఇంటికొస్తుంది. వేరే ఖర్చులేమీ లేవనుకుని మొత్తం డివిడెండ్‌గా తీసేసుకుంటే చేతికి సుమారు 71,400 పౌండ్లు మిగులుతాయి.

అదే పని ఇన్‌సైడ్ అయితే కాంట్రాక్టర్లలో చాలామంది, జీతం, పన్ను లెక్కలు చూసే మధ్యవర్తి 'అంబ్రెల్లా' కంపెనీలో ఉద్యోగిగా చేరతారు. లక్షా 10 వేలలోంచి ముందు యజమాని కట్టాల్సిన 15 శాతం నేషనల్ ఇన్సూరెన్స్, అర శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ పోతాయి. మిగిలింది జీతం, దాదాపు 95,900. దాని మీద ఆదాయపు పన్ను, ఉద్యోగి వాటా నేషనల్ ఇన్సూరెన్స్ కోసుకుంటే చేతికొచ్చేది సుమారు 66,200. అంబ్రెల్లా కమీషన్ ఇంకా పక్కన ఉంది.

ఐదు వేల తేడాకే ఇంత రభసా అనిపించవచ్చు. డివిడెండ్ పన్ను, కార్పొరేషన్ ట్యాక్స్ రేట్లు వరసగా పెరిగాక తేడా ఈ స్థాయికి దిగింది. 2017లో ఇది ఇంతకన్నా బాగా ఎక్కువ. పైగా ఔట్‌సైడ్‌లో లాభాన్ని కంపెనీలోనే ఉంచి, పని దొరకని ఏడాది తీసుకోవచ్చు. భార్య లేదా భర్త పేరున వాటా ఉంటే డివిడెండ్ పంచుకోవచ్చు. దంపతులిద్దరూ నడిపిన ఆర్కిటిక్ సిస్టమ్స్ అనే చిన్న ఐటీ కంపెనీ కేసులో 2007లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ రెండో పద్ధతిని సమర్థించింది. ఇన్‌సైడ్‌కు వచ్చేసరికి ఈ వెసులుబాట్లన్నీ పోతాయి.

ఉద్యోగి అని ఎలా తేలుస్తారు?

చట్టంలో దీనికి సూటి నిర్వచనం లేదు, తీర్పుల్లో వెతుక్కోవాలి. సిమెంటు కాంక్రీటు లారీలు నడిపేవాళ్ల గురించి 1968లో వచ్చిన రెడీ మిక్స్‌డ్ కాంక్రీట్ తీర్పే ఇప్పటికీ మూలస్తంభం. పని స్వయంగా తనే చేయాలా, బదులు మనిషిని పంపవచ్చా? ఎలా చేయాలో, ఎప్పుడు చేయాలో చెప్పే అధికారం ఎవరిది? పని ఇవ్వాలన్న, ఇచ్చిన పని చేయాలన్న బాధ్యత ఇరువైపులా ఉందా? ఇవి కాక, నష్టాన్ని అతనే భరిస్తాడా, పనిముట్లు ఎవరివి, సంస్థలో ఎంతగా కలిసిపోయాడు వంటివన్నీ చూస్తారు. ఫుట్‌బాల్ రెఫరీల కేసులో 2024 సెప్టెంబరులో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, ఒక్క మ్యాచ్ వరకు కుదిరిన ఒప్పందంలో కూడా పరస్పర బాధ్యత, నియంత్రణ ఉండవచ్చని చెప్పింది.

ఇవి ఎంత సున్నితమైనవో ఒక యూరాలజీ డాక్టరు కేసు చూపిస్తుంది. ఆయన తన కంపెనీ ద్వారా రెండు ఆస్పత్రుల్లో తాత్కాలిక డాక్టరుగా, అంటే లోకమ్‌గా పనిచేశారు. 2019లో తొలి స్థాయి ట్రైబ్యునల్ ఒక ఆస్పత్రిలో పనిని ఇన్‌సైడ్ అనీ, రెండో ఆస్పత్రిలో పనిని ఔట్‌సైడ్ అనీ తేల్చింది. డాక్టరు ఒక్కరే, వైద్యమూ ఒక్కటే. బదులు మనిషిని పంపే హక్కు, నోటీసు గడువు వంటి షరతుల దగ్గర వచ్చిన తేడాయే ఫలితాన్ని మార్చేసింది.

ప్రభుత్వ సంస్థల మీద పడ్డ భారం

2012లో ఒక వార్త బ్రిటన్ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టింది. విద్యార్థులకు రుణాలిచ్చే ప్రభుత్వ సంస్థ స్టూడెంట్ లోన్స్ కంపెనీ అధిపతికి జీతం ఆయన సొంత కంపెనీ ద్వారా, పన్ను కోయకుండా వెళ్తోందని బయటపడింది. ట్రెజరీ చీఫ్ సెక్రటరీ డానీ అలెగ్జాండర్ విచారణ జరిపిస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో ఇలా పేరోల్ బయట ఉన్న పెద్ద స్థాయి మనుషులు 2,400 మందికి పైగా తేలారు. పన్ను వసూలు చేసే ప్రభుత్వమే పన్ను తప్పే దారిలో జీతాలిస్తోందన్న విమర్శకు జవాబు చెప్పడం ఏ మంత్రికైనా కష్టమే.

2016 బడ్జెట్‌లో ప్రకటించి, 2017 ఏప్రిల్ 6 నుంచి ప్రభుత్వ రంగంలో పద్ధతి మార్చారు. కాంట్రాక్టరు హోదాను ఇకమీదట ప్రభుత్వ సంస్థే తేల్చాలి. ఇన్‌సైడ్ అంటే, అతని కంపెనీకి డబ్బిచ్చే చివరి సంస్థ, అంటే చాలాసార్లు ఏజెన్సీ, జీతంలో కోసినట్టే పన్ను కోసి కట్టాలి. ప్రభుత్వ సంస్థ అంటే ఏది అన్నదానికి 2000 నాటి సమాచార స్వేచ్ఛ చట్టంలోని నిర్వచనం తీసుకున్నారు. దాంతో మంత్రిత్వ శాఖలు, కౌన్సిళ్లు, ఆస్పత్రులు, యూనివర్సిటీలు, పోలీసులు, బీబీసీ, ఆఖరికి ఇద్దరు ముగ్గురు డాక్టర్లు నడిపే జీపీ క్లినిక్కులు కూడా దీని కిందికొచ్చాయి. చిన్న సంస్థలకు మినహాయింపు అనేది ప్రభుత్వ రంగంలో లేదు.

తేల్చడానికి సాయంగా హెచ్‌ఎంఆర్‌సీ 'సెస్ట్' అనే ఆన్‌లైన్ సాధనాన్ని ఇచ్చింది, అదీ 2017 మార్చిలో, గడువుకు నెల ముందు. ప్రశ్నలకు జవాబులు నింపితే ఇన్‌సైడ్, ఔట్‌సైడ్, లేదా తేల్చలేమని చెబుతుంది. పరస్పర బాధ్యత గురించి అది సూటిగా అడగదన్న ఫిర్యాదు మొదటి రోజు నుంచీ ఉంది. సమయం లేక, తప్పు జరిగితే డబ్బు తమ మీద పడుతుందన్న భయంతో చాలా సంస్థలు ఒక్కొక్కరి పని చూడడం మానేసి అందరినీ గంపగుత్తగా ఇన్‌సైడ్ అనేశాయి. ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో లోకమ్‌లందరినీ అలాగే చూడాలని నియంత్రణ సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంప్రూవ్‌మెంట్ చెప్పింది. ఆరోగ్య వృత్తినిపుణుల సంఘం ఒకటి కోర్టుకు వెళ్తామనడంతో 2017 మే నెలాఖరులో వెనక్కి తగ్గి, ఎవరి పని వారిగా చూడాలంది. లోకమ్ పనులు చేసుకునే మన తెలుగు డాక్టర్లకూ ఆ రెండు నెలలు గందరగోళమే.

కన్సల్టెన్సీ అనే మలుపు

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రభుత్వ శాఖ కన్సల్టెన్సీ నుంచి రెండు రకాలుగా కొనవచ్చు. 'నలుగురు జావా డెవలపర్లను ఆరు నెలలు పంపండి' అంటే అది మనుషుల సరఫరా. అక్కడ క్లయింట్ ప్రభుత్వ శాఖే, హోదా తేల్చాల్సిందీ అదే. అలా కాకుండా 'ఈ దరఖాస్తుల వ్యవస్థను కట్టి, పరీక్షించి, ఫలానా తేదీకి అప్పజెప్పండి, ఇంత ఇస్తాం' అంటే అది పూర్తిగా బయటికిచ్చిన సేవ. అప్పుడు శాఖ కొంటున్నది సేవను. ఆ పనిలోకి కన్సల్టెన్సీ తెచ్చుకున్న కాంట్రాక్టరుకు క్లయింట్ కన్సల్టెన్సీయే అవుతుంది.

2017 నుంచి 2021 దాకా ఈ తేడాకు ఎంత విలువుండేదో ఆలోచించాలి. కొత్త నిబంధన ప్రభుత్వ సంస్థలకే తప్ప ప్రైవేటు కన్సల్టెన్సీలకు లేదు. అంటే కన్సల్టెన్సీ క్లయింట్ అయిన చోట పాత పద్ధతే కొనసాగింది, కాంట్రాక్టరే తన హోదా తేల్చుకోవచ్చు. ఏజెన్సీ ద్వారా వచ్చినతను మార్చిలో ఒక శాఖలో ఔట్‌సైడ్‌గా పనిచేసి, ఏప్రిల్‌లో ఇన్‌సైడ్ అని చెప్పించుకున్నాడనుకుందాం. అదే ప్రాజెక్టును ఒక కన్సల్టెన్సీ 'స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్' కింద తీసుకుంటే, దాని తరఫున అదే భవనంలోకి అతను మళ్లీ ఔట్‌సైడ్‌గా రావచ్చు. శాఖకు మనిషి దొరికాడు, రిస్కు పోయింది. కాంట్రాక్టరుకు రేటు నిలిచింది. కన్సల్టెన్సీకి మార్జిన్ వచ్చింది. ఆ మార్జిన్ చివరికి ఖజానాదే.

కాగితం మీద స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ అని రాసుకున్నంత మాత్రాన సేవ అయిపోదు. డబ్బు రోజుల లెక్కన ఇస్తున్నారా, పూర్తయిన పనికి ఇస్తున్నారా? పని చెడితే సొంత ఖర్చుతో సరిచేయాల్సింది ఎవరు? ఉదయం స్టాండప్ మీటింగులో ఎవరికి ఏ టికెట్ అన్నది శాఖ మేనేజరు చెబుతున్నాడా, కన్సల్టెన్సీ లీడ్ చెబుతున్నాడా? సెలవు కావాలంటే ఎవరికి మెయిల్ పెడుతున్నాడు? ఈ జవాబులన్నీ శాఖవైపే చూపిస్తుంటే, ఒప్పందం పేరు ఏదైనా అది మనుషుల సరఫరాయే.

కన్సల్టెన్సీ, ప్రభుత్వ శాఖ రెండూ కలిసిన కేసు ఒకటి ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఆర్‌ఏఎల్‌సీ కన్సల్టింగ్ అనే కంపెనీ యజమాని గతంలో యాక్సెంచర్ ఉద్యోగి. తరవాత తన కంపెనీ ద్వారా 2010–15 మధ్య యాక్సెంచర్‌కూ, వర్క్ అండ్ పెన్షన్స్ శాఖకూ పనిచేశారు. హెచ్‌ఎంఆర్‌సీ సుమారు 2 లక్షల 43 వేల పౌండ్లు కట్టమంది. పని ఉంటేనే డబ్బు, లేకపోతే లేదు, వరసగా పని ఇవ్వాలన్న బాధ్యత ఎవరికీ లేదన్న వాదన 2019లో నెగ్గి, ఆయన బయటపడ్డారు. అంతకుముందు 2018లో, అదే శాఖలో యూనివర్సల్ క్రెడిట్ పథకం మీద పనిచేసిన జెన్సల్ సాఫ్ట్‌వేర్ కూడా గెలిచింది. రెండూ పాత పద్ధతి కింద వచ్చిన కేసులే.

ఆ శాఖకు మాత్రం వేరే అనుభవం ఎదురైంది. జాతీయ ఆడిట్ కార్యాలయం 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం, కొత్త పద్ధతిలో హోదాలు తప్పుగా తేల్చినందుకు 2020–21లో కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు కట్టిన, కట్టాల్సి ఉన్న మొత్తం 26 కోట్ల 30 లక్షల పౌండ్లు. ఒక్క వర్క్ అండ్ పెన్షన్స్ శాఖ వాటాయే 8 కోట్ల 79 లక్షలు. హోం శాఖకు దాదాపు 3 కోట్ల బాకీతో పాటు, జాగ్రత్త లేదంటూ 40 లక్షల జరిమానా కూడా పడింది. హెచ్‌ఎంఆర్‌సీ సొంత సాధనం సెస్ట్‌ను వాడి కూడా శాఖలు తప్పాయి. ఇదంతా ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకున్న డబ్బే. ఇంత యంత్రాంగం, ఇన్ని లాయర్ ఫీజులు, ఇన్ని వేల ఫారాలు పెట్టినా, సొంత శాఖలకే అర్థంకాని నిబంధనను బయటివాళ్లు సరిగా పాటించాలనడం అన్యాయం.

అందులో ఇంకో అన్యాయమూ ఉంది. ఔట్‌సైడ్ అనుకుని కాంట్రాక్టరు అప్పటికే కార్పొరేషన్ ట్యాక్స్, డివిడెండ్ పన్ను కట్టి ఉంటాడు. అయినా శాఖ నుంచి పూర్తి పన్ను మళ్లీ వసూలు చేసేవారు, పాతది తగ్గించేవారు కాదు. 2024 ఏప్రిల్ 6 నుంచి మాత్రమే కాంట్రాక్టరు కట్టింది మినహాయించే వీలొచ్చింది.

2021, ఆ తరవాత

2021 ఏప్రిల్ 6న ప్రైవేటు రంగంలోని మధ్యస్థ, పెద్ద సంస్థలకూ ఇదే పద్ధతి వచ్చింది. కోవిడ్ వల్ల అది ఏడాది ఆలస్యమైంది. దాంతో పెద్ద కన్సల్టెన్సీలు తాము తెచ్చుకున్న కాంట్రాక్టర్ల హోదా తామే తేల్చి, కారణాలతో రాతపూర్వకంగా 'స్టేటస్ డిటర్మినేషన్ స్టేట్‌మెంట్' ఇవ్వాల్సి వచ్చింది. ప్రభుత్వ సంస్థలకూ అదే నియమం. అంతకుముందు ప్రభుత్వ సంస్థతో నేరుగా ఒప్పందం ఉన్నవాళ్లు, అంటే చాలాసార్లు ఏజెన్సీ, రాసి అడిగితేనే 31 రోజుల్లో కారణాలు చెప్పాల్సి ఉండేది. ఇప్పుడు ఆ పత్రం నేరుగా కాంట్రాక్టరుకూ ఇవ్వాలి, కాంట్రాక్టుల గొలుసులో తరవాతి సంస్థకూ ఇవ్వాలి. ఒప్పుకోకపోతే అతను అభ్యంతరం చెప్పవచ్చు, 45 రోజుల్లో జవాబు రావాలి. అయితే ఆ అభ్యంతరాన్ని విని తేల్చేది కూడా మొదట తేల్చిన సంస్థే. బయటి అధికారి ఎవరూ లేరు.

చిన్న కన్సల్టెన్సీలకు మాత్రం మినహాయింపు ఉంది. ప్రభుత్వ పనిని పూర్తి సేవగా తీసుకున్నది చిన్న కంపెనీ అయితే, దాని దగ్గర పనిచేసే కాంట్రాక్టరుకు 2000 నాటి పద్ధతే వర్తిస్తుంది. ఎవరి హోదా వారే తేల్చుకోవాలి, బాకీ వస్తే వారే కట్టుకోవాలి.

2022 సెప్టెంబరు 23న ఆర్థికమంత్రి క్వాసీ క్వార్టెంగ్ 2017, 2021 మార్పులు రెండింటినీ రద్దు చేస్తానని మినీ బడ్జెట్‌లో ప్రకటించారు. ఆయన పదవే పోయింది. అక్టోబరు 17న జెరెమీ హంట్ ఆ ప్రకటనను వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఔట్‌సైడ్ పనులు వస్తాయని లెక్కలు వేసుకున్నవాళ్ల ఆశ మూడున్నర వారాల్లో ముగిసింది.

ఒకే గదిలో రెండు రకాల తెలుగువాళ్లు

బ్రిటన్ ప్రభుత్వ ప్రాజెక్టుల్లో భారతీయ కంపెనీలూ ఉన్నాయి. ఉద్యోగుల పెన్షన్ సంస్థ నెస్ట్‌కు, నేరచరిత్ర తనిఖీ చేసే డీబీఎస్‌కు టీసీఎస్ పనిచేసింది. ఇలాంటి కంపెనీ స్పాన్సర్ చేసిన స్కిల్డ్ వర్కర్ వీసా మీద హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరుకు ఐఆర్35తో పనిలేదు. అతను కంపెనీ ఉద్యోగి, పన్ను జీతంలోనే పోతుంది. అతనికి అడ్డుపడేది వీసా నియమం. స్పాన్సర్ కంపెనీ అతన్ని గడువున్న ప్రాజెక్టు మీదే క్లయింట్ దగ్గరికి పంపాలి తప్ప, శాఖలో రోజువారీ ఖాళీని నింపడానికి పంపకూడదు. ఆ పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో తెలుగాయన ఏళ్లకిందట వచ్చి, శాశ్వత నివాసం తెచ్చుకుని, సొంత కంపెనీ పెట్టుకుని ఉంటాడు. ఇన్‌సైడ్, ఔట్‌సైడ్ బాధ ఆయనది.

ఇన్‌సైడ్ అయిన మనిషి ఉద్యోగిలా పన్ను కడతాడు. ఉద్యోగికి ఉండే సెలవు జీతం, అనారోగ్య జీతం, తొలగింపు పరిహారం మాత్రం ఆ పన్ను నిర్ణయం వల్ల రావు. పన్ను చట్టం వేరు, కార్మిక చట్టం వేరు. స్వయంగా హెచ్‌ఎంఆర్‌సీలో పనిచేస్తూ ఇన్‌సైడ్ అని తేలిన ఒక కాంట్రాక్టరు సెలవు జీతం కోసం కేసు వేస్తే, 2018లో 4,200 పౌండ్లతో రాజీ కుదిరింది. రాజీ కాబట్టి అది ఎవరికీ తీర్పుగా పనికిరాలేదు. ఉద్యోగి హోదాను పన్నుకు ఒప్పుకుని హక్కులకు ఒప్పుకోకపోవడమే ఈ చట్టంలో ఇప్పటికీ సరిచేయని పెద్ద లోపం.

అంబ్రెల్లాలో చేరినవాళ్లకు కార్మిక హక్కులు కాగితం మీద ఉంటాయి. కానీ ఆ రంగంలో కొన్ని కంపెనీలు జీతంలో కొంత భాగాన్ని అప్పుగా చూపించి పన్ను ఎగ్గొట్టాయి, బిల్లు మాత్రం పనిచేసినవాళ్లకు వచ్చింది. దీనికి విరుగుడుగా 2026 ఏప్రిల్ 6 నుంచి కొత్త నియమం పెట్టారు. అంబ్రెల్లా కంపెనీ జీతపు పన్ను కట్టకపోతే, క్లయింట్‌తో నేరుగా ఒప్పందం ఉన్న ఏజెన్సీ నుంచి హెచ్‌ఎంఆర్‌సీ వసూలు చేయవచ్చు. ఏజెన్సీ లేని చోట ఆ బాకీ క్లయింట్ మీద పడుతుంది. అంబ్రెల్లా నుంచి నేరుగా మనుషులను తెచ్చుకునే కన్సల్టెన్సీ ఇకమీదట వాళ్ల పేస్లిప్పుల్లో కోసిన పన్ను నిజంగా ఖజానాకు చేరిందో లేదో కూడా చూసుకోవాలి.